వాసన వరసలో నిలబడదు

ఒకప్పుడు మనిషి తలలో వాసన కూడా వరసలో నిలబడేది.

నవ్వకండి. ఇప్పుడంటే పక్కింట్లో ఎండుచేపలు వేయించినా ఆ వాసన ఎవరినీ అడగకుండా నేరుగా మన లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఆ రోజుల్లో దానికి అంత దర్జా లేదు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, "అయ్యా, నేను వచ్చాను" అని గుమ్మం దగ్గర చెప్పుకోవాలి. పొమ్మంటే పోవాలి.

ఆ గుమ్మం దగ్గర కూర్చున్నది ఎవరో చెప్పేముందు, గుమ్మమే లేని కాలం సంగతి కొంచెం చెప్పాలి.

తల పై అంతస్తులో పెద్దమెదడు దొరగారు ఉండేవారు. ఒళ్లంతా ముడతలు. ఆలోచించి ఆలోచించి అలా అయ్యానని ఆయన అందరికీ చెప్పుకునేవారు. చిన్న పెట్టెలో పెద్ద దుప్పటి కుక్కితే ముడతలు పడవా మరి? ఆ మాట మాత్రం చెప్పేవారు కాదు.

ఆయనకు కబుర్లు మోసేవాళ్లు ఐదుగురు. చూపు, చప్పుడు, స్పర్శ, రుచి, వాసన. ఐదుగురూ ఒక్కసారే మేడ మెట్లెక్కి ఒక్కసారే అరిచేవాళ్లు.

"దొరగారూ, చెట్టు మీద కాకి ఉంది."

"దొరగారూ, కాకి అరుస్తోంది."

"దొరగారూ, పంటి సందులో తోటకూర ఇరుక్కుంది."

"దొరగారూ, నడుముకు పంచె తగులుతోంది. ఇంకా తగులుతోంది. ఇప్పుడు కూడా తగులుతోంది."

కాకిని చూడాలా, తోటకూర తియ్యాలా అని దొరగారు తేల్చుకునేలోపు మనిషి వెళ్లి గోతిలో పడేవాడు. రోజూ ఇదే వరస. మోకాళ్లు పగలని మనిషి ఆ కాలంలో లేడు.

విసిగిపోయి దొరగారు ఒక గుమాస్తాను పెట్టుకున్నారు. పేరు థాలమస్. అందరూ థాలమయ్యగారు అనేవాళ్లు. ఆ మర్యాద వాళ్లు ఇచ్చింది కాదు, ఆయన అడిగి పుచ్చుకున్నది. మనిషి చూస్తే రెండు పావురం గుడ్లు పక్కపక్కన పెట్టినంత ఉంటాడు. కూర్చున్న చోటు మాత్రం తలకు సరిగ్గా నడిమధ్య. కింది నుంచి పైకి ఏ కబురు పోవాలన్నా ఆయన గుమ్మం దాటే పోవాలి.

థాలమయ్య పనిమంతుడు. అది ఒప్పుకుని తీరాలి. చూపుకో కిటికీ పెట్టాడు, చప్పుడుకో కిటికీ పెట్టాడు. స్పర్శకూ రుచికీ కూడా చెరొకటి పెట్టాడు. "పంచె తగులుతోందని పొద్దున చెప్పావుగా, ఇక పో" అని స్పర్శను తిప్పి పంపాడు. "గోయి ఉందా? అది ముందు పోనీ" అని చూపును పైకి తోశాడు. అప్పుడు గానీ మనిషి గోతులు దాటడం నేర్చుకోలేదు, సూదిలో దారం ఎక్కించడం నేర్చుకోలేదు.

మీ నాలుక నోట్లో ఎక్కడ ఆనుకుని ఉందో ఇప్పటిదాకా మీకు తెలిసిందా? ఇప్పుడు తెలిసింది కదా. ఇంతసేపూ ఆ కబురు ఆపి ఉంచింది థాలమయ్యే.

కానీ ఎన్నాళ్లు మంచిగా ఉంటాడు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? కొన్నాళ్లకు థాలమయ్య ఒక చీటీ తయారుచేశాడు. ఎవరు ఏ కబురు తెచ్చినా ఆ చీటీ నింపాలి. అందులో మూడే ప్రశ్నలు. పేరేమిటి? ఎక్కడుంది? ఎలా ఉంది?

చూపుకు ఇది చాలా తేలిక. "పేరు చిలక. జామకొమ్మ మీద ఉంది. ఆకుపచ్చగా ఉంది" అనేది. థాలమయ్య తల ఊపి పైకి పంపేవాడు. చప్పుడు కూడా తడుముకోకుండా చెప్పేవాడు. "పేరు ఉరుము. పడమట. పెద్దది." వాణ్నీ పంపేవాడు.

చివరికి వాసన వంతు వచ్చేది.

"పేరు?"

"నాకంటూ పేరు లేదయ్యా. ఇంకొకళ్ల పేరు తగిలించి పిలుస్తారు. మల్లెల వాసన అంటారు, పేడ వాసన అంటారు."

"ఎక్కడుంది?"

"అంతటా ఉందయ్యా."

"ఎలా ఉంది?"

"అదీ... ఒకలాంటి..."

"పేరు లేదు, ఊరు లేదు, రూపం లేదు. నిన్ను పైకి పంపితే దొరగారు నన్నేమంటారు? పోయి ఆ చివరి కిటికీ దగ్గర కూర్చో" అనేవాడు థాలమయ్య. ఆ కిటికీ మీద 'ఇతరములు' అని రాసి ఉండేది. దాని తలుపు తెరుచుకోగా ఎవరూ చూడలేదు.

దాంతో ఆ కాలం మనుషులు కుళ్లిన చేప కడుపునిండా తినేవాళ్లు. మూడోనాడు పడకలో దొర్లుతూ, "ఆ రోజు ఏదో వాసన వచ్చినట్టుందే" అనుకునేవాళ్లు. పూలు తలలో పెట్టుకుంటే వాడిపోయాక గానీ పరిమళం తెలిసేది కాదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఫిర్యాదుకూ చీటీ నింపాలి కదా.

ఇతరముల కిటికీ కింద ఒక అరుగు ఉండేది. ఆ అరుగు మీద ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు కాపురముండేవాళ్లు. పెద్దది జ్ఞాపకమ్మ, చిన్నది భయమ్మ. దొరగారి మేడ కట్టకముందు నుంచీ ఉన్నవాళ్లు. అందుకే దొరగారికి వాళ్లంటే చిన్నచూపు. తనకంటే ముందు వచ్చినవాళ్లను చూస్తే గొప్పవాళ్లకు అదోరకంగా ఉంటుంది. తలుపు తెరుచుకోని కిటికీ దగ్గర వాసన కూర్చుని కూర్చుని, ఆ ఇద్దరికీ బాగా అలవాటైపోయింది.

ఇదంతా అందరి తలల్లోనూ ఉన్నదే. ఇక చెంగమ్మ తలలో ఏం జరిగిందో వినండి.

సముద్రపు గాలి తగిలే పల్లెలో చెంగమ్మది తాటాకు ఇల్లు. మొగుడు పడవ మీద వేటకు పోయాడు. ఎనిమిది నెలల ఆడపిల్ల లోపల చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం. ఇంటి వెనక పొయ్యి మీద వేరుశనక్కాయలు ఉడకబెట్టి దించింది. పొయ్యి ఆరిందనుకుంది. ఆరలేదు.

సరిగ్గా అప్పుడే గాజుల పెంచలయ్య వచ్చాడు. ముందు పందిరి కింద తుండుగుడ్డ పరిచి, గాజుల మలారం విప్పాడు. చెంగమ్మ ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"చెయ్యి బిగబట్టమాకమ్మా. నువ్వు బిగబడితే గాజేం జేస్తాది?" అన్నాడు పెంచలయ్య.

"నొప్పి పుడతా ఉండాది పెంచలయ్యా. కొంచెం పెద్దవి ల్యావా?"

"పెద్దవేస్తే బావికాడ జారిపోతాయి. మళ్లా నన్నే తిడతావు."

థాలమయ్యకు ఆ రోజు పండగే. ఒకటి వెంట ఒకటి చక్కని చీటీలు. చూపు తెచ్చింది, "ఆకుపచ్చ గాజు, కుడిచేతి దగ్గర, పసుపు చుక్కలతో." చప్పుడు తెచ్చాడు, "గలగల, ముందువైపు, సన్నగా." స్పర్శ తెచ్చింది, "నొప్పి, బొటనవేలి కణుపు దగ్గర, ఓర్చుకోదగినది." రుచి కూడా వక్కపలుకు వగరు గురించి నాలుగు మాటలు రాసుకొచ్చింది. అన్నిటినీ థాలమయ్య మురిసిపోతూ పైకి పంపాడు. పైన దొరగారు ఆకుపచ్చవా, ఎర్రవా అని ముడతలు పెంచుకుంటూ కూర్చున్నారు.

వెనక పొయ్యిలోంచి గాలికి ఒక నిప్పురవ్వ లేచింది. పోయి ఇంటి వెనక చూరులో దూరింది.

వాసన పరుగెత్తుకుంటూ వచ్చింది. వరసలో అందరినీ తోసుకుని గుమ్మం ముందు నిలబడింది.

"అయ్యా, ఏదో మాడుతోంది."

"వరసలో రా."

"వరసకు టైము లేదయ్యా. మాడుతోంది."

"ఏది మాడుతోంది? పేరు చెప్పు."

"తాటాకు కావచ్చు. పాతగుడ్డ కావచ్చు. తెలియదయ్యా."

"ఎక్కడ?"

"గాలి తిరుగుతోంది. వెనకనుంచో, పక్కనుంచో..."

"ఎంత పొడుగు? ఎంత వెడల్పు?"

"వాసనకు వెడల్పు ఏమిటయ్యా?"

థాలమయ్యకు కోపం వచ్చింది. "నాకే ఎదురు ప్రశ్న వేస్తావా? నిజంగా నిప్పయితే పొగ లేస్తుంది. చూపు వచ్చి చెబుతుంది. ఆకులు చిటపటమంటాయి. చప్పుడు వచ్చి చెబుతాడు. వాళ్ల చీటీలు శుభ్రంగా ఉంటాయి. మధ్యలో నీకెందుకు తొందర?"

"వాళ్లు వచ్చేసరికి ఇల్లు ఉండదయ్యా."

"ఉండకపోతే, ఇల్లు లేదని చీటీ వస్తుంది. అదీ పైకి పంపుతాం."

"లోపల పాప ఉందయ్యా" అంది వాసన. "దాని పాలవాసన రోజూ నేనే తెస్తాను. దానికీ పేరు లేదని మీరు ఇతరముల్లో కూర్చోబెట్టారు. ఆ తల్లికి తన బిడ్డ ఒళ్లు ఎలా వాసన వేస్తుందో ఇంతవరకూ తెలియదు."

"అనవసరపు మాటలు రాసుకోవడానికి చీటీలో చోటు లేదు" అని థాలమయ్య చూపు వైపు తిరిగాడు. "ఆఁ, ఎర్ర గాజు అన్నావు. చుక్కలున్నాయా, గీతలున్నాయా?"

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. వాడే నయం. వాడికి ఇల్లు కాలుతోందని తెలుసు.

వాసన ఏడుస్తూ పోయి అరుగు మీద కూలబడింది.

"ఏమిటే ఆ ఏడుపు? ఇటు రా" అని జ్ఞాపకమ్మ దాన్ని దగ్గరకు తీసుకుంది. తీసుకోగానే ముసలిదాని ముఖం మారిపోయింది. "చెల్లీ, ఇది నాకు తెలుసు. చెంగమ్మ ఆరేళ్ల పిల్లప్పుడు పశువుల కొట్టం కాలిందే, ఆ రోజు వచ్చింది ఇదే. తువ్వాయి లోపలే ఉండిపోయింది."

భయమ్మకు చదువు రాదు. చీటీ అడగడం అసలే రాదు. అక్క మాట పూర్తికాకముందే లేచి, చెంగమ్మ కాళ్లకు కట్టిన తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

పందిరి కింద చెంగమ్మ దిగ్గున లేచింది. కణుపు దగ్గర ఆగిన గాజు పటుక్కున విరిగింది. మలారం కాలికి తగిలి గాజులన్నీ ఇసుకలో దొర్లాయి.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు పెంచలయ్య.

"ఏమో" అంది చెంగమ్మ. నిజంగానే ఆమెకు తెలియదు. అప్పటికే ఆమె గడప దాటేసింది.

లోపల వెనక మూల చూరు ఎర్రగా అయింది. ఉయ్యాల కట్టిన దూలం మీద తాడు రాజుకుంటోంది. ఇంకో పదిసార్లు ఊపిరి తీసేలోపు తెగేటట్టుంది. చెంగమ్మ పిల్లను చీరతో సహా లాక్కుని బయటికి వచ్చి పడింది. వెనకాలే కప్పు జారి ఉయ్యాల ఉన్న చోట కూలింది.

పెంచలయ్య కేకలు వేశాడు. నలుగురు పరిగెత్తుకొచ్చి ఆకు లాగి, ఇసుక చల్లారు. సగం ఇల్లు పోయింది, సగం మిగిలింది.

పిల్ల దగ్గి దగ్గి ఏడ్చింది. చెంగమ్మ దాన్ని గుండెకు హత్తుకుని, ముఖం దాని జుట్టులో దాచుకుంది. ఈసారి వాసన ఎవరినీ అడగలేదు. పాలు, చెమట, కొంచెం పొగ. వాటి వెనక మాటల్లో చెప్పలేనిది ఇంకొకటి. చెంగమ్మ ఇసుకలో కూలబడి బావురుమంది.

"ఎనిమిది నెలలు సంకలో బెట్టుకోని తిరిగినానే తల్లీ, నువ్విట్టుంటావని నాకు తెలీలేదే" అంది.

ఇంతలో చూపు గుమ్మం దగ్గరికి వచ్చింది. "పేరు మంట. ఇంటి వెనక మూల. ఎర్రగా, నిలువెత్తు." థాలమయ్య ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ చీటీ అంటే" అని మెచ్చుకుని పైకి పంపాడు.

దొరగారు చదివి అదిరిపడ్డారు. "ఇల్లు అంటుకుందట. వెంటనే లేవండి. పిల్లను తీసుకురండి."

"తెచ్చేశాం" అన్నాయి కాళ్లు.

"ఎవరు తెమ్మన్నారు?"

థాలమయ్య తన చీటీలన్నీ వెతికి, "నా గుమ్మం దాటి అలాంటి కబురేదీ రాలేదండీ. కాబట్టి కాళ్లు కదలడం చెల్లదు" అన్నాడు.

బయట పెంచలయ్య అడుగుతున్నాడు. "నీకెట్ట తెలిసిందమ్మా?"

దొరగారు గొంతు సవరించుకుని, చెంగమ్మ నోటితో బదులు చెప్పించారు. "పొగ కనబడింది. అందుకే లేచినా."

పచ్చి అబద్ధం. ఆమెకు పొగ కనబడలేదు. కానీ తను చెయ్యని పనికి తర్వాత తీరిగ్గా కారణం చెప్పడంలో దొరగారిని మించినవాళ్లు ఆ తలలో లేరు, ఏ తలలోనూ లేరు.

అయితే నోటితో ఏం చెప్పినా, లోపల ఆయన జంకారు. అరుగు దగ్గర పంచాయితీ పెట్టారు. జ్ఞాపకమ్మ జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. దొరగారు మండిపడి, "థాలమయ్యా, లే కుర్చీలోంచి" అన్నారు.

థాలమయ్య లేచాడు. లేచీ లేవగానే పంచె తగులుతోంది, ఇసుక గుచ్చుకుంటోంది, ముప్ఫైరెండు పళ్లూ వేర్వేరుగా తెలుస్తున్నాయి, చెవిలో సొంత రక్తం హోరుమంటోంది. చెంగమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది.

"కూర్చో, కూర్చో" అన్నారు దొరగారు కంగారుగా.

ఇదీ చిక్కు. థాలమయ్యను తీసేస్తే బతకలేం. ఆయన చెప్పినట్టల్లా వింటే కాలిపోతాం.

అప్పుడు వాసన లేచి నిలబడింది. "దొరగారూ, ఆయన కుర్చీ ఆయనకే ఉంచండి. చూపూ చప్పుడూ ఆయన గుమ్మానే రానీండి, వాళ్లకు చీటీలు బాగా వచ్చు. నేను మాత్రం ఇక ఆ గుమ్మం తొక్కను. నా దారి ఈ అరుగు మీదుగా."

"దొడ్డిదారినా? నా కళ్లముందా?" అన్నాడు థాలమయ్య.

"పిల్ల బతికింది ఆ దారినే" అంది భయమ్మ. ఆవిడ ఎక్కువ మాట్లాడదు.

దొరగారు సరేనన్నారు. థాలమయ్య ముఖం మాడ్చుకున్నాడు. "నలుగురిలో నా పరువేం కావాలి? పోనీ, పని అంతా అయ్యాకైనా ఒకసారి నాకు చూపించమనండి. నేను పైకి పంపినట్టు ఉంటుంది" అని బతిమాలాడు. దొరగారికి జాలేసింది. వాసన నవ్వి ఒప్పుకుంది. అంచేత ఇప్పటికీ వాసన పనంతా ముగించుకున్నాక, ఒక తోక ముక్క ఆయన బల్ల మీద పడేసి పోతుంది. ఆయన దాన్ని గంభీరంగా చూసి, సరే పో అంటాడు.

చెంగమ్మ తలలోని ఈ ఏర్పాటు ఆమె కూతురికి వచ్చింది. కూతురి నుంచి దాని పిల్లలకు, వాళ్ల పిల్లలకు వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి. మీ అమ్మ ముక్కు మీకెలా వచ్చిందో అలాగే. మరి వాసనను వరసలోనే నిలబెట్టిన మిగతా తలల సంగతా? వాటికి మనవలు లేరు. వాళ్లవీ తాటాకు ఇళ్లే.

అప్పటినుంచే మనిషి తలలో చూపైనా, చప్పుడైనా, రుచైనా, స్పర్శైనా థాలమయ్య గుమ్మం దగ్గర ఆగి, చీటీ చూపించి పైకి పోతుంది. వాసన ఒక్కటే ఆగదు. ముందు భయమ్మనూ జ్ఞాపకమ్మనూ లేపి, తర్వాతే దొరగారి సంగతి చూస్తుంది. ఆసుపత్రి వాకిట్లో ఫినాయిలు వాసన తగలగానే సూది కనబడకపోయినా మీ కాళ్లు వెనక్కి నడిచేది అందుకే. ఎప్పుడో వదిలేసిన ఊరి వాసన ఏ సందులోనో తగిలితే, అది ఏ ఊరో తట్టకముందే కళ్లలో నీళ్లు తిరిగేదీ అందుకే. ఆ వాసన ఎలా ఉందో చెప్పమంటే ఎంత చదువుకున్నవాడైనా "అదీ... ఒకలాంటి..." అని నీళ్లు నములుతాడు. పేర్లు అడిగేవాడి దగ్గర అది ఆగి రాలేదు మరి.